మొదటి పూటకే దించిన కథ

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. యాభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు కాబట్టి రాయలేదని చెబితే అందరూ ఒప్పుకుంటారు. మా అమ్మ నన్ను గేదెల వెంట పంపింది గానీ బడికి పంపలేదు. పెళ్ళయి గరివిడి వచ్చాక కూడా, బస్సు మీద ఏ ఊరి పేరుందో పక్కవాళ్ళని అడిగి ఎక్కేదాన్ని. అయితే అది సగం కారణమే. అక్షరాలు వచ్చాక కూడా ఏడాదిన్నర పాటు దీని గురించి నేను ఒక్క ముక్క రాయలేదు. నా చేత్తో మొదటిసారి పూర్తిగా రాసిన కాగితం ఒక పిలుపు. కథ వినడానికి రమ్మని మా వీధి జనానికి రాసిన పిలుపు. దానికి జనం రాలేదు. ఆ తర్వాత పెన్ను తీసుకున్నప్పుడల్లా ఆ కాగితమే కళ్ళ ముందుకొచ్చేది. పెన్ను పక్కన పెట్టేసేదాన్ని.

కథ అంటే జముకుల కథ. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పాలి. జముకు అంటే చిన్న బిందె అంత గుల్ల. ఒక పక్క తోలు బిగించి ఉంటుంది, ఆ తోలు మధ్య నుంచి ఒక తీగ బయటికి వస్తుంది. గుల్లని చంకలో ఇరికించుకుని, తీగని లాగి పట్టుకుని వేలితో మీటితే అది మూలుగుతుంది. బిగిస్తే సన్నగా, వదిలితే లావుగా. కథ చెప్పే మనిషి కాళ్ళకి గజ్జెలు కట్టుకుని మధ్యలో నిలబడి అడుగు వేస్తూ పాడుతుంది. జముకు వాయించే మనిషి పక్కన నిలబడి వంత పాడతాడు.

నేను చెప్పబోయే ఆవిడది రాజాం దాటాక లోపలికి ఉన్న ఒక పల్లె. మా కన్నవారి ఊరికి పక్క ఊరు. నాకు చుట్టం కాదు. చిన్నప్పుడు ఆవిడ కథలు వింటూ పెరిగాను కాబట్టి అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అప్ప అంటే అక్క. ఆవిడ మరిది జముకు వాయించేవాడు. వెనకటికి వాళ్ళు ముగ్గురు. అప్ప భర్త పోయాక ఆ మూడో చోట ఎవరూ నిలబడలేదు. ఊళ్ళలో అమ్మవారి పండగలకి పెద్ద పెద్ద సౌండు బాక్సులు తెచ్చుకోవడం మొదలయ్యాక వాళ్ళిద్దరినీ పిలిచేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

మా అత్తగారి ఏడాది కర్మకి నేను వాళ్ళని పిలిపించాను. మా ఆయన నవ్వాడు.

"మైకు సెట్టోడికి సెప్తే పాటలేస్తాడు కదే. రాజాం నుంచి ముసిలోళ్ళని దింపడమేటి?"

"మీ అమ్మ మైకు పాటలింటాదా, కథింటాదా?"

"మాయమ్మ ఇప్పుడేటీ ఇనదు" అన్నాడు. అని, తనే వెళ్ళి వాళ్ళని బస్సు దగ్గర నుంచి తీసుకొచ్చాడు.

ఆ పూట మా వీధి ఆడవాళ్ళు అంట్లు తోమడం ఆపి కూర్చుండిపోయారు. ఫ్యాక్టరీ క్వార్టర్ల నుంచి వచ్చిన ఇద్దరు ఒడియా ఆడవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. అప్ప పాడుతూ పాడుతూ వాళ్ళని చూసి, కథలో ఉన్న తల్లి చేత రెండు ఒడియా మాటలు అనిపించింది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని లోపలికొచ్చి కూర్చున్నారు. ఏడుపొచ్చే చోట అందరితో పాటు కొంగు కళ్ళకి అద్దుకున్నారు. ఆ మనుషులతో అంతకు ముందు మేము పదేళ్ళుగా మాట్లాడి ఎరగం.

వారం తిరక్కుండా మా వీధి చివర పిండిమర నడిపే ఆవిడ నన్ను ఆపింది. నా ఈడుదే, నన్ను వదినా అంటుంది.

"ఏటొదినా, ఆ కథమ్మని మళ్ళీ ఎప్పుడు తెస్తావు? ఇంకొకలు సచ్చేదాకా ఆగాలా ఏటి?"

అలా మొదలైంది. చోటు షావుకారు గారు ఇచ్చారు. ఆయనది గోగునార వ్యాపారం. మాఘం వచ్చేసరికి నారంతా లారీలకెక్కిపోయి గోడౌను ఖాళీ అవుతుంది. వెనకింట్లో ఆయన తల్లి మంచం మీద ఉండేది. "తలుపులు తీసి పాడించమ్మా. మాయమ్మకి వినబడితే చాలు, నాకింకేటీ అక్కర్లేదు" అన్నారు. మాఘం నుంచి చైత్రం దాకా నెలకొక ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటలకి. మూడేళ్ళు జరిగింది.

పాడే పని అప్పది, జనాన్ని తెచ్చే పని నాది. శుక్రవారం, శనివారం కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళేదాన్ని. పేరంటానికి పిలిచినట్టే బొట్టు పెట్టి పిలిచేదాన్ని. బొట్టు పెట్టాక కిందటిసారి కథ ఏమిటో రాని వాళ్ళకి నాలుగు మాటల్లో చెప్పేదాన్ని. తర్వాత రాబోయే కథ ఎత్తుకుని, సవతి తల్లి బిడ్డని బావిలోకి తొంగి చూడమందనో, అన్నలు చెల్లెల్ని అడవిలో కూర్చోబెట్టి నీళ్ళు తెస్తామని పోయారనో అక్కడ ఆపేసేదాన్ని.

"మరేటయింది?"

"ఆదోరం రా, తెలుస్తాది."

కొందరు అడిగేవారు కాదు. వాళ్ళు రారని అక్కడే తెలిసిపోయేది. అయినా మళ్ళీ నెల వాళ్ళ గుమ్మం కూడా ఎక్కేదాన్ని. రెండో ఏటికి అలాంటి వాళ్ళలో సగం మంది వచ్చారు. ఎందుకొచ్చావమ్మా అని ఒకావిడని అడిగితే, "ఇన్నిసార్లు బొట్టెట్టించుకుని రాకపోతే నాకే సిగ్గేసింది" అంది.

గోడౌన్లో ఎవరి చాప వాళ్ళు తెచ్చుకునేవాళ్ళం. ఎవరో ఒకరు ఉడకబెట్టిన సెనగలు తెచ్చేవారు. మగవాళ్ళు వెనక కాటా దగ్గర కూర్చునేవారు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కథ సాగుతుంటే ఊ కొట్టాలి. ఊ లేకపోతే అప్ప ఆగి, "నాను గోడకి సెప్తన్నానేటే?" అనేది. పిండిమర ఆవిడ ఊ అందరికంటే గట్టిగా ఉండేది. కథలో మొగుడు తప్పు చేస్తే ఊ బదులు తిట్టేది. గోడౌనంతా గోగునార వాసన, నార దుమ్ము. అప్ప మధ్యలో దగ్గితే అందరూ ఆగేవారు.

మూడో ఏడు చివరి కథ అయ్యాక అప్ప గోడౌను మెట్ల మీద కూర్చుని సెనగలు తింటూ ఒక మాట చెప్పింది.

"ఇవన్నీ సిల్లర కథలే. అమ్మోరి పెద్ద కథొకటి ఉన్నాది నా కాడ. మూడు పూటలు. మాయత్త నాకు నేర్పింది. అది పూర్తిగా పాడి ఎన్నేళ్ళయిందో నాకే గురుతు నేదు. ఒక్కసారి, జనం ముందర, మొదట్నించి ఆఖరి దాకా పాడీసి పోతే సాలు."

"పాడప్పా. మూడు ఆదోరాలు ఎట్టుకుందాం."

"ఒకే జనం మూడు ఆదోరాలూ కూకోవాలే. అలా దొరుకుతారా?"

"జనాన్ని నాను తెస్తాను" అన్నాను.

ఎందుకు ఒకే జనం కావాలో అప్ప మరిది చెప్పాడు. మూడు పూటల కథ కాబట్టి మొదటి పూట అయ్యేసరికి కథ సగంలో ఆగుతుంది. ఆ వారమంతా అమ్మవారు వినేవాళ్ళ ఇళ్ళల్లో ఉంటుందట. కథ విన్నవాళ్ళు ఆవిడని ఇంటికి మోసుకుపోయి, మళ్ళీ ఆదివారం తీసుకురావాలి. మొయ్యడానికి మనుషులు లేకపోతే ఆ బరువు పాడిన గొంతు మీద ఉండిపోతుందట. ఇంకో రెండు కట్టుబాట్లు కూడా చెప్పాడు. కాలికి గజ్జె కట్టాక కథ ఎత్తకుండా విప్పకూడదు. హారతి పాడి కథని దించేశాక మళ్ళీ ఏడు తిరిగే దాకా ఆ కథ ఎత్తకూడదు. నేను అన్నిటికీ తలూపాను.

ఆ ఆషాఢంలో మా ఆయనకి జ్వరం వచ్చింది. పది రోజులు. పోయాడు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

ఆ ఏడు గోడౌన్లో కథ జరగలేదు. నేను ఇంట్లోంచి కదలలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. మా పక్కింట్లో ఉండే అంగన్వాడీ టీచరు, ముప్పై ఏళ్ళ మనిషి, నన్ను పిన్నీ అని పిలుస్తుంది. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక వచ్చి నా ఎదురుగా ఒక పలక పెట్టింది.

"ఒట్టినే గోడకేసి సూసే బదులు దీనికేసి సూడు పిన్నీ" అంది.

మొదట విసుక్కున్నాను. తర్వాత ఆ గంట కోసం ఎదురుచూడటం మొదలెట్టాను. అ నుంచి మొదలుపెట్టి ఒత్తుల దాకా రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. సంచుల మీద రాతలు, గోడల మీద రాతలు చదువుకుంటూ సంతకి వెళ్ళేదాన్ని. ఒకసారి మా ఆయన పాత చీటీ ఒకటి దొరికితే అది కూడా చదివాను. అందులో ఉల్లిపాయలు, సబ్బు అని ఉంది.

మరుసటి ఏడు ఫాల్గుణంలో అప్ప మరిది ఒక్కడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సెల్లెమ్మా, వదినకి గొంతు ఒక పూట వస్తే రెండు పూటలు రావడం నేదు. నీళ్ళు మింగితే కూడా నొప్పంటాది. పొద్దున్న లెగిస్తే పెద్ద కథ, పెద్ద కథ. ఈ ఏడు అవ్వకపోతే మరవ్వదు. నీకు కష్టమొచ్చింది, తెలుసు. అయినా నిన్ను కాక ఎవుల్ని అడగమంటావు?"

సరే అన్నాను. షావుకారు గారు గోడౌను ఊడ్పించారు. నేను శుక్రవారం పొద్దున్న పిలవడానికి బయలుదేరాను. భరిణె పట్టుకెళ్ళలేదు. నేను ఇప్పుడు ఎవరికీ బొట్టు పెట్టకూడదు కదా. నోటితో పిలుద్దామని వెళ్ళాను. మొదటి ఇంట్లో వాళ్ళ అమ్మాయికి పెళ్ళి మాటలు నడుస్తున్నాయని నాకు తెలియదు. తలుపు తీసిన ఆవిడ నన్ను చూసింది. అర అడుగు వెనక్కి వేసింది, అంతే. తర్వాత "రా రా, కూకో" అంది. నేను గడప దాటలేదు. ఊరికే వచ్చానని చెప్పి తిరిగి వచ్చేశాను. రెండో ఇంటికి వెళ్ళలేదు.

ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాక నాకు ఒక ఆలోచన వచ్చింది. నేను వెళ్ళలేని గుమ్మాలకి నా రాత వెళ్తుంది. మధ్యాహ్నం టీచరు వచ్చాక కాగితం మీద రాశాను. ఐదు కాగితాలు పాడయ్యాయి. ఆరోది బాగా వచ్చింది. "ఆదివారం మూడు గంటలకు గోగునార గోడౌనులో అమ్మవారి పెద్ద కథ. మూడు ఆదివారాలు. అందరూ తప్పక రావలెను." టీచరు దానికి ఫొటో తీసి వీధి ఆడవాళ్ళ వాట్సప్ గ్రూపులో పెట్టింది. కింద, ఇది పిన్ని సొంత చేతిరాత అని కూడా రాసింది.

ఐదు నిమిషాల్లో దండం పెట్టే చేతుల బొమ్మలు రావడం మొదలైంది. పువ్వులు, బొటనవేళ్ళు. "శభాష్ వదినా", "ఎంత బాగా రాసినావే" అని. టీచరు చదివి వినిపించబోతే వద్దని నేనే చదువుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులూ నేను కథ గురించి ఆలోచించలేదు. నా కాగితం గురించే ఆలోచించాను. ఎంతమంది దండం పెట్టారో మళ్ళీ మళ్ళీ చూశాను.

ఆదివారం రెండింటికే అప్ప, మరిది దిగారు. అప్ప చిక్కిపోయింది. మెడకి పాత తువ్వాలు చుట్టుకుంది. కొత్త చీర కట్టుకుంది. గోడౌన్లో నేను, టీచరు, కాటా దగ్గర మూటలు మోసే కలాసీలు ఇద్దరు ఉన్నాం. షావుకారు గారు వచ్చి కుర్చీ వేసుకున్నారు.

మూడయింది.

"ఏటే, జనమేరీ?" అంది అప్ప.

"వస్తారప్పా. ఎండ కదా."

"ఎండ మనకే తగిలిందేటి సెల్లెమ్మా?" అన్నాడు మరిది. జముకు తీగ సరిచూసుకుంటున్నాడు.

మూడుంపావుకి టీచరు ఫోను తీసుకుని చూశాను. పొద్దున్న మరో ముగ్గురు దండాలు పెట్టారు. నాకు ధైర్యం వచ్చింది.

"దారిలో ఉంటారప్పా. నువ్వు గజ్జెలు కట్టీసుకో. వచ్చి కూకున్నాక నీ కోసం ఆగడమెందుకు?"

అప్ప నా మొహంలోకి చూసింది. "కట్టీమంటావా?"

"కట్టీ."

కట్టుకుంది. నేనే వంగి ఎడమ కాలి ముడి బిగించాను.

మూడున్నరకి కూడా ఎవరూ రాలేదు. తలుపు దాకా వెళ్ళి చూశాను. వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. గజ్జె కట్టకుండా ఉంటే ఆ రోజుకి తిరిగి వెళ్ళిపోయి ఇంకో ఆదివారం రావచ్చు. కట్టాక ఎత్తాల్సిందే. వెనక్కి తిరిగేసరికి అప్ప మధ్యలో నిలబడి ఉంది. మరిదికి తల ఊపింది. జముకు మూలిగింది.

అమ్మవార్లు ఏడుగురు అక్కచెల్లెళ్ళు, కొలువు కూర్చోవడానికి ఒక ఊరు వెతుక్కుంటూ కొండ దిగి వస్తారు. అక్కడ మొదలైంది. అప్ప గొంతు మొదట రాపిడిగా ఉంది, తర్వాత తెరుచుకుంది. నేను, టీచరు ముందు కూర్చుని ఊ కొట్టాం. ఇద్దరి ఊ ఆ పెద్ద గోడౌన్లో ఎటో పోయింది. కలాసీల్లో ఒకడు కాసేపటికి లేచి వెళ్ళిపోయాడు. షావుకారు గారికి ఫోనొస్తే బయటికి నడిచారు. ఒక ఊరివాళ్ళు అక్కచెల్లెళ్ళకి నీళ్ళు ఇవ్వలేదు. ఇంకో ఊరివాళ్ళు కుక్కల్ని వదిలారు. సాయంత్రానికి ఏడుగురూ ఏటి ఒడ్డుకి చేరారు. పడవవాడు మిమ్మల్ని దాటించను పొమ్మన్నాడు. అవతల ఒడ్డున వాళ్ళు కూర్చోబోయే ఊరు కనిపిస్తూనే ఉంది.

మొదటి పూట అక్కడ ఆగాలి. అక్కడ ఆపి, "మోసుకెళ్ళండి తల్లులారా" అనాలి. ఆ మాట వస్తుందని నేను కొంగు కూడా పట్టాను. అప్ప తలుపు వైపు చూసి, హారతి ఎత్తుకుంది.

మరిది చెయ్యి తీగ మీద ఆగిపోయింది. వదిన మొహంలోకి చూశాడు. ఆవిడ పాడుతూనే ఉంది. మూడో ఆదివారం ఊళ్ళో అమ్మవారిని కూర్చోబెట్టాక పాడాల్సిన హారతి అది. అక్కచెల్లెళ్ళు ఇంకా ఏటికి ఇవతలే ఉన్నారు. మరిది తల దించుకుని వంత కలిపాడు. టీచరుకి ఏమీ తెలియలేదు. చప్పట్లు కొట్టింది.

షావుకారు గారు లోపలికొచ్చి, "తొందరగానే అయిపోయిందే" అన్నారు. అప్ప చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. "జనం లేరేటమ్మా ఇవాళ?" అని నన్ను అడిగారు.

అప్ప మెట్ల మీద కూర్చుని గజ్జెలు విప్పుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"అప్పా, అదేటి?"

"దించీసినాను."

"ఇంకా రెండు పూటలున్నాయి కదా."

"మోసీవోళ్ళేరే?"

"నా మీద ఎట్టు. నాను మోస్తాను."

"ఒక్కదానివి మొయ్యలేవే" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు బాగుండేది.

"పోనీ మళ్ళీ ఏడు ఎత్తుదాం."

"మళ్ళీ ఏటికి గొంతు ఎవులిస్తారు నాకు? నువ్విస్తావా?" గజ్జెల మూట కట్టి చంకలో పెట్టుకుంది. "పాత పాటలు. జనానికి మొహం మొత్తింది. మొత్తదా మరి. నాను అనవసరంగా ఆశపడినాను."

బస్సు ఎక్కించి వచ్చాను. కిటికీలోంచి ఆవిడ నాకేసి చూడలేదు. మరిది చెయ్యి ఊపాడు.

తిరిగి వస్తుంటే పిండిమర తెరిచి ఉంది. ఆవిడ మంచి చీర కట్టుకుని, జడలో పువ్వు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటొదినా, ముస్తాబై ఎక్కడికెళ్ళినావు? కథకి రావడానికి తీరిక నేకపోయిందా?"

"ఎక్కడికీ ఎల్నేదు. నీ కోసమే కూకున్నాను."

"నా కోసమేటి?"

"పిలుస్తావని. మా పక్కింటావిడ, ఎదురింటావిడ, నానూ ముగ్గురుం చాపలు దగ్గరెట్టుకుని కూకున్నాం. నాలుగు దాకా సూసినాం. ఎవులూ రానేదు. ఈ వారం నేదేమో అనుకున్నాం."

"ఫోన్లో పిలిసినాను కదా! నువ్వు దండం కూడా ఎట్టినావు!"

"అది సూసినాను. ఎంత బాగా రాసినావో అని మా ఆయనకి కూడా సూపించినాను. అయితే అది కబురు కదొదినా? కబురొచ్చాక పిలుపు వస్తాది కదా. ఎనకటికి ఎప్పుడైనా బొట్టు నేకుండా పిలిసినావా?"

నేనిప్పుడు బొట్టు పెట్టకూడదు కదా అన్నాను. ఆ మాట అంత గట్టిగా ఎవరితోనూ అనలేదు అంతవరకు.

ఆవిడ మొహం మారిపోయింది. "ఓలమ్మా" అంది. "అందుకా? నాకో మాట సెప్తే నానెళ్ళి ఎట్టకపోదునా? నువ్వు వీధిలో నిలబడి ఇల్లు సూపిస్తే, నాను గడపెక్కి బొట్టెడుదును. భరిణె నీదే. మనిషిని నాను. అంత మాట అడగనేకపోయావా? రాత నేర్సుకున్నావు గాని మమ్మల్ని అడగడం మర్సిపోయావు."

తర్వాత చాలామందిని అడిగాను, అందరూ అదే చెప్పారు. కొందరు నిజమే చెప్పారు, కొందరు తప్పించుకోవడానికి చెప్పారు. ఎవరు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పటి నుంచి గోడౌన్లో కథ జరగలేదు. అప్ప ఉంది. మాట గుసగుసలా వస్తుంది. పాట రాదు. ఏటికి అవతల ఏం జరుగుతుందో మరిదికి వంత వరకే తెలుసు. మొత్తం చెప్పమంటే, "నాను ఎనక నుంచి పట్టుకునేవోడిని సెల్లెమ్మా, ముందర పోయేది వదిన" అంటాడు.

ఆ ఆదివారం పొద్దుపోయేదాకా ఇంట్లో దీపం పెట్టకుండా కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి అప్ప వాకిట్లో గోనె పరుచుకుని చింతకాయలు కొడుతోంది. ఆ నెలల్లో ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే పని. పెంకు ఒలిచి, చిన్న సుత్తితో కొట్టి, గింజ తీసి, పండు ఒక బుట్టలో వెయ్యాలి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. మరిది పనికి వెళ్ళిపోయాడు. మాట్లాడటానికి అప్పకి గొంతు రావడం లేదు. చేత్తో కూర్చోమని చూపించింది.

పిండిమర ఆవిడ అన్నదంతా చెప్పాను. ముగ్గురు చాపలు పెట్టుకుని ఎదురుచూశారని చెప్పాను. నేను ఎందుకు ఇంటింటికీ వెళ్ళలేదో, మొదటి ఇంటి దగ్గర ఏం జరిగిందో చెప్పాను. గజ్జె కట్టుకోమన్నది నేనే కాబట్టి తప్పు నాదేనని చెప్పాను. అప్ప సుత్తి ఆపలేదు. అంతా విన్నాక అడిగింది, గాలిలాంటి గొంతుతో.

"అయితే పాట బాగోక కాదన్నమాట."

"కాదప్పా."

"మొహం మొత్తి కాదు."

"కాదు."

తలాడించింది. ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. వచ్చే ఆదివారం పిండిమర ఆవిడని తీసుకుని ఇంటింటికీ వెళ్తానని, చిన్న కథ ఏదైనా పాడమని అడుగుదామని బస్సులో అనుకుంటూ వచ్చాను. ఆవిడ మెడ మీద తువ్వాలు కింద నరాలు కదలడం చూశాక అడగలేదు. రెండో సుత్తి అందుకున్నాను. నా వేళ్ళకి ఆ పని అలవాటు తప్పింది. మొదటి గుప్పెడు గింజలతో పాటు పండు కూడా నలిగిపోయింది. అప్ప నా చేతిలోంచి ఒక కాయ తీసుకుని, ఎక్కడ కొట్టాలో చూపించి, తిరిగి ఇచ్చింది. పది గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ ఊరి బయట నుంచి వెళ్ళిపోయింది. నేను లేవలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం ఆ బుట్ట నింపాం.